అల్మారాలో కొత్తగా ఉంచిన తెల్ల డబ్బాలు

వస్తువును వాడకుండా కొత్తగా ఉంచడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. అది మా అమ్మ దగ్గర్నుంచి అంటుకుంది. మర్రిగూడ దగ్గర మా ఊళ్లో బోరు నీళ్లు తాగితే పళ్లు గారపట్టేవి, నడుములు వంగిపోయేవి. అది నీళ్లలో ఉన్న ఫ్లోరైడు పని అని ఊళ్లో అందరికీ తెలుసు. ట్యాంకరు వచ్చిన రోజు అమ్మ రెండు బిందెల మంచినీళ్లు పట్టి, మూతలు పెట్టి, "చుట్టాలొస్తే కావాలె, ముట్టకుండ్రి" అని మమ్మల్ని బెదిరించేది. చుట్టాలు పండక్కో పెండ్లికో తప్ప వచ్చేవాళ్లు కాదు. మేము బోరు నీళ్లే తాగేవాళ్లం. నాలుగు రోజులకు ఆ బిందెల్లో నీళ్లు పాతబడితే అమ్మ వాటితో గిన్నెలు తోమేది. మా బాపు చివరి పదేళ్లు నేలను చూస్తూనే నడిచాడు. అయినా అమ్మ చేసేది తప్పని నాకు ఏనాడూ తోచలేదు. మర్యాద అనుకున్నాను.

ఆ మర్యాదతోనే నర్సునయ్యాను, హెడ్ నర్సునయ్యాను. కొత్త రాష్ట్రం వచ్చి, జిల్లాలు చీలిన కొత్తలో నన్ను పాలమూరు వైపు, బెంగళూరు రోడ్డుకు కాస్త లోపలున్న ఒక ఊరి సర్కారు దవాఖానకు బదిలీ చేశారు. ముప్పై పడకలు. నా నోరు మంచిది కాదు, ఆ మాట నేనే ఒప్పుకుంటాను. వరండాలో నా చెప్పుల చప్పుడు వినిపిస్తే మంచాల కింద టిఫిన్ గిన్నెలు వాటంతటవే గోడవైపు జరిగేవి. దుప్పటి మడత వంకరగా ఉంటే నాకు అన్నం సహించేది కాదు. వార్డు అద్దంలా ఉంచుతానని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరంటే నాకు చాలా ఇష్టం.

ఒకసారి పై నుంచి మాకు కొత్త సామాను వచ్చింది. వాడిన సూదులు వేయడానికి గట్టి ప్లాస్టిక్‌తో చేసిన తెల్ల డబ్బాలు, సూది కొస కత్తిరించే మిషను, చెత్త ఎత్తేవాళ్ల కోసం మోచేతి దాకా వచ్చే మందపాటి రబ్బరు గ్లౌజులు. తెల్ల డబ్బాలో ఒకసారి సూది వేస్తే మళ్లీ బయటికి రాదు, ఎవరికీ గుచ్చుకోదు. పెట్టెలు విప్పి వాటిని బల్ల మీద వరసగా పేర్చాను. ఎంత ముద్దొచ్చాయో చెప్పలేను. మరో రెండు నెలల్లో పరిశుభ్రత తనిఖీ ఉందని, ఈ సామానుకు వేరే మార్కులుంటాయని అప్పటికే కబురు వచ్చింది. వాడితే మాసిపోతాయి, లోపల రక్తపు మరకలు పడతాయి, తనిఖీ వాళ్లకు ఏం చూపిస్తాం? అన్నిటినీ అల్మారాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా కోటు జేబులో వేసుకున్నాను.

కొత్తగా చేరిన ఒక సిస్టరు అడిగింది: "మేడం, మరి సూదులు ఏడ వెయ్యాలె?"

"మొన్నటిదాక ఏడ వేసినవ్? గాడనే వెయ్యి" అన్నాను.

మొన్నటిదాకా వేసింది మెడ కోసిన సెలైన్ సీసాలో. పల్చటి ప్లాస్టిక్ సీసా. నిండితే చెత్త సంచిలోకి వెళ్లేది. సంచిని ఆయమ్మ ఎత్తేది.

ఆయమ్మ అంటే మా వార్డు ఊడ్చి తుడిచే మనిషి. కాంట్రాక్టు మీద పని. నాకంటే రెండు మూడేళ్లు పెద్దదే అయ్యుంటుంది, అయినా నేను నువ్వనే పిలిచేదాన్ని, ఆమె నన్ను సిస్టరమ్మా అనేది. గొర్లు కాసే ఇల్లు. పెనిమిటి మందను తోలుకొని ఏటా నెలల తరబడి పచ్చిక ఉన్నచోటికి పోయేవాడు. ఒక్కతే బిడ్డ, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది, తనిఖీ నాటికి నెలలు నిండాయి. ఆయమ్మకు ఊళ్లో ఇంకో పేరుంది. పసిపిల్లలకు నీళ్లు పోయడంలో ఆమెను మించినవాళ్లు లేరు. కాళ్లు బారచాపి, పిల్లను కాళ్ల మీద పండబెట్టుకొని, నూనె రాసి, పిండితో నలుగు పెట్టి, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టిస్తే ఏ పిల్లైనా మూడు గంటలు కదలకుండా నిద్రపోయేది. వాడలో సగంమంది పిల్లలు ఆమె కాళ్ల మీద నీళ్లు పోసుకున్నవాళ్లే. "ఇన్ని దినాలు మందిపిల్లలకు పోసిన, ఇగ నా మనుమరాలికి పోస్త చూడు సిస్టరమ్మా" అని తుడుపుకర్ర ఆపి మరీ చెప్పేది. మనుమరాలే పుడుతుందని ఎలా తెలుసో నాకు తెలియదు. "ముందు ఆ మూల తుడువు" అనేదాన్ని నేను.

తనిఖీకి ముందు రోజు మధ్యాహ్నం వార్డులో ఒక్క చెత్తబుట్ట కూడా నిండుగా కనబడొద్దని హుకుం వేశాను. ఆయమ్మ సంచులన్నీ ఎత్తుతోంది. ఒక సంచి మూతి కట్టడానికి సరిపోక అరచేత్తో అదిమింది. లోపల సెలైన్ సీసా నలిగి, సూది ప్లాస్టిక్కును, సంచిని, ఆమె చేతి గ్లౌజును దాటుకొని బొటనవేలి కింద దిగింది.

నేను గోడకు చార్టులు అంటిస్తున్నాను. ఆమె చెయ్యి పట్టుకొని వచ్చి నిలబడింది. నేను మొదట అడిగిన మాట, "గ్లౌజులేవి?"

"ఉన్నయి సిస్టరమ్మా. గివి పల్చగుంటయి, చినిగిపోయింది."

మందపాటివి అల్మారాలో ఉన్నాయి. తాళంచెవి నా తొడకు తగులుతూనే ఉంది.

"చూసుకొని చెయ్యాలె గదా పని! రక్తం వచ్చిందా?"

"వచ్చింది."

చూశాను. ఆవగింజంత ఎర్రటి చుక్క. సబ్బు పెట్టి పారే నీళ్లతో కడిగించాను, ఆ ఒక్కటీ సరిగా చేశాను. తర్వాత చేయాల్సింది కూడా నాకు కంఠస్థం. వెంటనే డాక్టరుకు చెప్పాలి, రిజిస్టరులో రాయాలి, జిల్లా దవాఖానకు తీసుకుపోయి మందులు మొదలుపెట్టాలి. మొదటి రెండు గంటల్లో మింగితే మేలు, మూడు రోజులు దాటితే మింగినా లాభం లేదు. ఇదంతా నేను చిన్న సిస్టర్లకు పాఠంలా ఒప్పజెప్పించేదాన్ని. కానీ సూది గుచ్చుకున్న వాళ్ల వివరాలు రాసే ఆ రిజిస్టరులో ప్రతి నెలా నేను గుండ్రటి అక్షరాలతో 'ఎవరికీ లేదు' అని రాసి ఉంచాను. రేపు తనిఖీ వాళ్లు మొదట తెరిచేది అదే.

"రేపు వాళ్లొచ్చి పోనీ ఆయమ్మా. ఎల్లుండి నేనే తోలుకపోత. అప్పటిదాక ఎవరితోటి చెప్పకు" అన్నాను.

"సరే సిస్టరమ్మా" అంది. చేతికి ప్లాస్టరు ముక్క వేసుకొని ఫినాయిలు బకెట్టు ఎత్తుకుంది.

తెల్లారి పొద్దునే అల్మారా తెరిచి తెల్ల డబ్బాలను మంచానికొకటి చొప్పున నిలబెట్టాను. తనిఖీ వాళ్లు ముచ్చటపడ్డారు. వాళ్లలో ఒకాయన డబ్బా మూత ఎత్తి, "ఇంత శుభ్రంగా ఉందే, వాడుతున్నారా?" అని అడిగాడు. "ఇవాళే కొత్తవి మార్చాం సార్" అన్నాను, తడుముకోకుండా. ఆయన ఆయమ్మను కూడా పిలిచి, పనిలో ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడిగాడు. ఆమె ప్లాస్టరున్న చేతిని పిడికిలి బిగించి కొంగులో పెట్టుకుంది. నావైపు చూసి, "ఏం లెవ్వు సార్" అంది. ఆ క్షణం నాకు సిగ్గేయలేదు. నా మనిషి మాట నిలబెట్టిందని గర్వపడ్డాను. సిగ్గు తర్వాత వచ్చింది, వచ్చి ఇక పోలేదు.

మూడో రోజు బస్సెక్కాం. జిల్లా దవాఖానలో డాక్టరు, "ఎప్పుడు గుచ్చుకుంది?" అని అడిగాడు.

"ఇవాళ పొద్దున సార్" అన్నాను. ఆయమ్మ నా పక్కనే కూర్చొని వింటోంది.

"వెంటనే తీసుకొచ్చారు, మంచి పని చేశారు సిస్టర్" అన్నాడాయన. ఎవరికి వాడిన సూది అని అడిగితే తెలియదన్నాను, అది నిజమే. కామెర్ల టీకా వేయించుకుందా అని అడిగాడు. దవాఖాన సిబ్బందికి టీకా వేయించే లిస్టు రాసింది నేనే. కాంట్రాక్టు వాళ్లు మన లెక్కలోకి రారని ఆయమ్మ పేరు రాయలేదు. "లేదు సార్" అన్నాను. ఆయన ఇంజక్షన్లు ఇప్పించి, ఎయిడ్సు రాకుండా ఇరవై ఎనిమిది రోజులు మింగాల్సిన మాత్రలు రాశాడు. ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు రక్తపరీక్షలు చేయించుకోవాలన్నాడు.

బయట కౌన్సిలరు గది ఉంది. ఆ అమ్మాయి, "ఆమెను లోపల కూర్చోబెట్టండి మేడం, ఏం జాగ్రత్తలు తీసుకోవాలో, దేనికి భయపడక్కర్లేదో చెప్పాలి" అంది. ఆయమ్మ నోరు తెరిస్తే రోజు లెక్క బయటపడుతుందని నా భయం. "నేనూ నర్సునే గదమ్మా, అన్నీ నేను చెప్తాలే, బస్సు పోతది" అన్నాను. వివరంగా చెప్పినట్టు కాగితం మీద ఆయమ్మ చేత నేనే సంతకం పెట్టించాను.

బస్సులో ఆయమ్మ మెల్లగా అడిగింది: "సిస్టరమ్మా, గీ రోగం ఎట్లెట్ల అంటుకుంటది?"

చెప్పాలంటే అర నిమిషం పని. నేను చెప్పలేదు. ఆ ముఖంలోకి చూస్తే ఇంకేం అడుగుతుందో, ఎందుకు రెండు రోజులు ఆపినవ్ అంటుందో అని బెదురు. "నీకేం రాదుతియ్యి, ఫికర్ చెయ్యకు. మాత్రలు మింగు" అని కళ్లు మూసుకున్నాను. నిద్ర వచ్చినట్టు తల కూడా వాల్చాను.

ఆ తర్వాత నేను చేసింది ఇంకా నీచం. పొద్దున్నే ఆమె కనబడితే నేను వేరే వైపు తిరిగిపోయేదాన్ని. డ్యూటీ మార్చి ఆమెను బయటి ఓపీ వరండాకు వేశాను. మాత్రలు చిన్న సిస్టరు చేత ఇప్పించాను. మాత్రలు పడక రోజూ వాంతులు చేసుకుంటోందని, అయినా పని మానడం లేదని ఆ పిల్లే చెప్పింది. వారం తిరక్కుండానే ఆయమ్మ బిడ్డ మా దవాఖానలోనే కన్నది. ఆడపిల్ల. నేను బ్రెడ్డు పట్టుకొని చూడ్డానికి పోయాను. బాలింత మంచం మీద ఉంది, పిల్ల పక్కన ఉయ్యాల తొట్టిలో ఉంది, ఆయమ్మ మాత్రం తలుపు దగ్గర గోడకు అంటుకొని నిలబడి ఉంది. లోపలికి రాలేదు. నా మీద కోపంతో దూరంగా నిలబడిందనుకున్నాను. అంతకంటే వేరే ఆలోచన నా బుర్రకు రాలేదు.

ఆరు వారాల పరీక్ష బాగుంది. మూడు నెలలదీ బాగుంది. ఆరు నెలల పరీక్షకు కిట్లు లేవని రెండుసార్లు తిప్పి ఏడో నెలలో చేశారు. ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చింది. ఏ జబ్బూ లేదు. కుర్చీలోనే కూర్చొని ఏడ్చాను. ఏడిస్తే గుండె తేలికైంది, తేలికైంది కాబట్టి ధైర్యం వచ్చింది. ఈ శుభవార్త నేనే చెప్పాలనిపించింది. నిజం చెప్పాలంటే ఆమె కోసం పోలేదు, నా మీది బరువు దింపుకోవడానికి పోయాను.

గొర్ల దొడ్డి ఖాళీగా ఉంది. ఆయమ్మ బయటి అరుగు మీద కూర్చొని బియ్యం చెరుగుతోంది. అరుగు మీదే చాప, చద్దరు, గోడ గూట్లో ఒక కంచం, ఒక చెంబు. ఎండాకాలం గదా, బయట పడుకుంటుందేమో అనుకున్నాను.

"పరీక్ష మంచిగ వచ్చింది. నీకేం లేదు ఆయమ్మా, ఇగ అయిపోయినట్టే" అన్నాను.

ఆమె చాట కింద పెట్టింది. నవ్వుతుందనుకున్నాను. "అయితే ఇగ పిల్లను ఎత్తుకోవచ్చునా?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పుకొచ్చింది, నెమ్మదిగా, చాటలో రాళ్లు ఏరుతూనే. "పక్కింటామెతోని నీళ్లు పోపిచ్చిన సిస్టరమ్మా. నేను గడప ఇవుతలనే ఉంటుంటి. నా చెయ్యి గదా, సూది కుచ్చిన చెయ్యి, పచ్చి పసిదానికి అంటితే ఎట్ల? కంచం ఏరే పెట్టుకున్న, పండుడు ఈ అరుగు మీదనే. నా బిడ్డ అడిగింది, ఊరందరి పిల్లలకు పోస్తవు, నా పిల్లకే నీ చేతులు రావా, ఆడిపిల్ల పుట్టిందనా అని. ఏం జెప్పాలె? ఎవ్వరితోటి చెప్పకంటివి. ఇరవై ఒకటో దినం పిల్లను తొట్లెల ఏసి, తెల్లారి అత్తగారింటికి పోయింది. మల్ల రాలె. ఫోను గూడ ఎత్తుతలేదు."

తనిఖీ పూర్తయ్యేదాకా చెప్పకు అన్నాను నేను. ఆమె ఏడు నెలలు చెప్పలేదు.

"ముట్టుకుంటె అంటేది గాదు ఆయమ్మా" అన్నాను. "ఒక్క కంచంల తిన్నా అంటేది గాదు. పిల్లకు నీళ్లు పోస్తె ఏం గాదు. ఏ దినం పోసినా ఏం గాకుంటుండె."

ఆమె నావైపు తిరిగి చూసింది. "మరి బస్సుల అడిగిన గద సిస్టరమ్మా" అంది.



మర్నాడు, వచ్చే తనిఖీకని మళ్లీ తాళం వేసి ఉంచిన అల్మారా తెరిచి తెల్ల డబ్బాలు, మిషను, గ్లౌజులు అన్నీ వార్డులోకి తెచ్చాను. రిజిస్టరు తీసి, ఏడు నెలల కిందటి పేజీలో 'ఎవరికీ లేదు' కొట్టేసి, ఆయమ్మ పేరు, అసలు తేదీ, ఆపిన రెండు రోజులు రాశాను. మా డాక్టరు చేతికిచ్చాను. మెమో వచ్చింది, తీసుకున్నాను. టీకా లిస్టులో ఇప్పుడు ఊడ్చేవాళ్ల పేర్లు పైన రాస్తున్నాను. ఇవన్నీ తాళం తీస్తే అయ్యే పనులే, మొదటి రోజే అయ్యేవి.

ఆ ఆదివారం ఆయమ్మను వెంటబెట్టుకొని కొత్తకోటలో బస్సు మారి, ఆమె బిడ్డ అత్తగారి పల్లెకు పోయాను. ఆయమ్మ సంచిలో ఒక నూనె సీసా, సాంబ్రాణి పొట్లం పెట్టుకుంది. బిడ్డ తల్లిని చూసి ముఖం తిప్పుకుంది గానీ, "రండ్రి మేడం" అని నాకు కుర్చీ వేసింది. సూది గుచ్చుకున్న సంగతి, పరీక్షల సంగతి, పిల్లకు అంటుతుందేమోనని తల్లి దూరంగా ఉన్న సంగతి చెప్పాను. ప్రమాదం జరిగింది అన్నాను. తాళం మాట చెప్పలేదు. అంత దూరం పోయి కూడా నాకు నోరు రాలేదు.

ఆయమ్మ బిడ్డ తల్లిని పట్టుకొని భోరుమంది. "గింత బాధ కడుపుల పెట్టుకున్నవా అమ్మా" అంది. ఏడుపు ఆపుకొని లోపలికి పోయి చాయ్ తెచ్చింది. కంపెనీ స్టిక్కరు ఇంకా ఊడని కొత్త స్టీలు గ్లాసు. "చుట్టాలొస్తెనే తీస్త మేడం, తాగుండ్రి. మీరు గింత దూరమొచ్చి చెప్పిండ్రు" అంది.

గ్లాసు కింద పెట్టేశాను. "సూదులు వేసే డబ్బా వచ్చి ఉండె. గట్టి గ్లౌజులు గూడ ఉండె. తనిఖీకి కొత్తగ ఉండాలని అల్మారాల పెట్టి తాళమేసిన. మీ అమ్మను రెండు దినాలు మందులకు తోలుకపోలె. చెప్పొద్దన్నది గూడ నేనే" అన్నాను.

ఆమె నావైపు తిరిగింది. "తాళం మీ దగ్గరనేనా ఉండె?"

"నా దగ్గరనే."

ఆయమ్మ బిడ్డ ఈసారి నావైపు నుంచి ముఖం తిప్పుకుంది. లోపలికి పోయి కూతురిని తెచ్చి తల్లి ఒళ్లో పెట్టింది, పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

ఆయమ్మ వాకిట్లో పీట మీద కూర్చొని, చీర మోకాళ్ల పైకి జరుపుకొని, కాళ్లు బారచాపింది. అరచేతుల్లో నూనె పోసుకొని, పిల్లను కాళ్ల మీద పండబెట్టింది. పిల్ల ఒక్క గుంజు గుంజి బోర్లపడి, లేచి కూర్చుంది. మళ్లీ పండబెట్టింది. మళ్లీ లేచి, ఎరగని ముఖం చూసి, తల్లి కోసం చేతులు చాపి ఏడుపు అందుకుంది. మూడోసారి ఆయమ్మ ప్రయత్నం చేయలేదు.

"కూసునే ఈడొచ్చింది సిస్టరమ్మా. ఇగ కాళ్ల మీద పండది" అని పిల్లను తల్లికి అందించింది. అరచేతుల్లో మిగిలిన నూనెను తన కాళ్లకే రాసుకుంటూ కూర్చుంది.